కాలినడకన గాజువాక

ప్రవేశిక

యాత్రారచన తెలుగువారికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, దారిలో కనిపించిన ఊళ్లను, మనుషులను, ఆచారాలను ఏ రోజుకారోజు రాసి పెట్టుకున్నారు. ఆ రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడ్డాయి. అంత దూరం పోకుండానే, ఉన్న ఊరినే యాత్రాస్థలంగా భావించి కాలినడకన పరిశీలించవచ్చునని ఈ పాఠ్యభాగం వివరిస్తుంది. ఇందుకు విశాఖపట్నంలోని పారిశ్రామిక ప్రాంతమైన గాజువాకను ఉదాహరణగా తీసుకోవడమైనది.

వ్యాసం

గాజువాక అనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది రద్దీ. చెన్నై నుంచి కోల్‌కతాకు పోయే జాతీయ రహదారి ఊరి నడుమ నుంచే సాగిపోతుంది. ఒకప్పుడు 5వ నంబరుగా, ఇప్పుడు 16వ నంబరుగా వ్యవహరించే ఈ దారిపై ఉక్కు, ఎరువులు, బొగ్గు, చమురు మోసుకుపోయే వాహనాలు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. షిఫ్టుకు వెళ్లే కార్మికులు, కళాశాలలకు వెళ్లే విద్యార్థులు, అంగళ్లకు వచ్చే చుట్టుపక్కల ఊళ్ల జనం అందరూ ఒకే కూడలిలో కలుస్తారు. బస్సు కిటికీలోంచి చూసేవారికి గాజువాక అంటే దుకాణాల వరుస, హారన్ల మోత, దూరాన పొగగొట్టాలు మాత్రమే.

అయితే ఆ రహదారి నుంచి ఏదో ఒక వీధిలోకి మళ్లి పది పదిహేను నిమిషాలు నడిస్తే మరొక గాజువాక కనిపిస్తుంది. రావిచెట్టు నీడన అరుగు, దాని పక్కనే గ్రామదేవత గుడి, పసుపు రాసిన గడప, గోడ మీద ఎండబెట్టిన చేపల వల, చిన్న చెరువు గట్టున నిలబడిన కొంగ – ఇవన్నీ ఆ మహారద్దీకి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. రోజూ తిరిగేవారు సైతం వీటిని గమనించరు. వేగం పెరిగినకొద్దీ చూపు కుదించుకుపోవడమే దీనికి కారణం.

నడక – ఒక అధ్యయన విధానం

మార్గదర్శి వెంట లేకుండా, ముందుగా తమంతట తాము వేసుకున్న ప్రణాళిక ప్రకారం, ఒక ప్రాంతాన్ని పరిశీలిస్తూ సాగించే నడకను స్వయంనిర్దేశిత నడక అనవచ్చు. ఇది వ్యాయామం కోసం చేసే నడక కాదు. ఇక్కడ ఎంత దూరం నడిచారన్నది కాదు, ఏమి చూశారన్నదే ముఖ్యం. ఇది విహారయాత్ర కూడా కాదు. విహారయాత్రలో ప్రసిద్ధ స్థలాలు ముందే నిర్ణయమై ఉంటాయి. స్వయంనిర్దేశిత నడకలో ప్రసిద్ధి లేని స్థలాలకే ప్రాధాన్యం.

ప్రపంచంలోని కొన్ని నగరాలు ఇలాంటి నడకలకు ప్రత్యేకంగా ఏర్పాట్లు చేశాయి. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1951లో రూపుదిద్దుకున్న ‘ఫ్రీడం ట్రెయిల్’ ఇందుకు మంచి ఉదాహరణ. స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం గల 16 స్థలాలను కలుపుతూ కాలిబాట మీద ఒక ఎర్రటి గీత సాగుతుంది. దాని పొడవు సుమారు 4 కిలోమీటర్లు. ఆ గీత వెంబడి నడిచేవారు ఎవరినీ దారి అడగనవసరం లేదు. సింగపూరు మరొక మార్గం చూపింది. మలేసియా రైళ్లు నడిచిన పాత రైలుమార్గం 2011లో మూతపడగా, సుమారు 24 కిలోమీటర్ల ఆ దారిని భవనాలకు అప్పగించక పచ్చని కాలిబాటగా నిలుపుకొంది. కిక్కిరిసిన ఉష్ణమండల నగరంలో నీడ, నిశ్శబ్దం కూడా ప్రజల ఆస్తులేనని ఆ నిర్ణయం చాటుతుంది.

విశాఖ ప్రాంతానికి నడక పరాయిది కాదు. ప్రతి సంవత్సరం ఆషాఢ పౌర్ణమికి ముందు రోజున లక్షలాది భక్తులు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేస్తారు. చెప్పులు లేని పాదాలతో రాత్రంతా నడిచే ఆ జనప్రవాహానికి దారి పొడవునా ఊరివారు మంచినీళ్లు, మజ్జిగ, ఫలహారాలు అందిస్తారు. భక్తి కోసం కొండను చుట్టివచ్చే సంప్రదాయం ఉన్నచోట, తెలివిడి కోసం ఊరిని చుట్టిరావడం కష్టమైన పని కాదు.

ఊరి పేర్లు చెప్పే చరిత్ర

స్వయంనిర్దేశిత నడకను ఊరి పేరుతోనే ప్రారంభించవచ్చు. ‘వాక’ అంటే ఏరు. గాజువాక పేరులో ఒక ఏరు ఉంది. కానీ ప్రధాన కూడలిలో నిలబడి చూసేవారికి ఎక్కడా ఏరు కనిపించదు. పేరు మిగిలింది, వస్తువు కనుమరుగైంది. ఆ రెండింటినీ మళ్లీ కలపడమే నడిచేవారి మొదటి పని.

ఉత్తరాంధ్రలో నీటికి సంబంధించిన మాటలు ఎన్నో ఉన్నాయి. కొండల నుంచి దిగివచ్చే వాగును ‘గెడ్డ’ అంటారు. చిన్న కుంటను ‘బంద’ అని, పల్లంలో నీరు నిలిచే విశాలమైన మడుగును ‘ఆవ’ అని పిలుస్తారు. నగరానికి తాగునీరు అందించే మేఘాద్రిగెడ్డ జలాశయం, అచ్యుతాపురం సమీపాన పక్షులకు ఆవాసమైన కొండకర్ల ఆవ ఆ మాటలను నేటికీ సజీవంగా నిలుపుతున్నాయి. గాజువాక పరిసరాల్లో వీధుల పేర్లలో, కాలనీల పేర్లలో, పెద్దల నోట ఈ మాటలు వినిపించిన ప్రతిచోటా ఒకప్పుడు నీరు ఉండేదని ఊహించవచ్చు.

ఆ ఊహ నిజమో కాదో పరీక్షించే సాధనం వర్షం. గట్టి వాన వెలిసిన మరునాడు ఉదయం నడిచివెళ్తే, నీరు ఏ వీధిలో నిలిచింది, ఏ వైపు పారింది, ఏ గోడను తాకి ఆగింది అన్నది స్పష్టంగా తెలుస్తుంది. నేల వాలును మనుషులు మరచిపోయినా నీరు మరచిపోదు. పల్లపు వీధి ప్రతి సంవత్సరం మునగడం కేవలం కాలువ చిన్నదైనందువల్లనే కాకపోవచ్చు. అది పాత గెడ్డ దారి కావచ్చు. నాలుగు వానలకు నాలుగు సార్లు నడిచి, నీరు నిలిచిన చోట్లను ఒక కాగితం మీద గుర్తించిన విద్యార్థి చేతిలో తన పేటకు సంబంధించిన విలువైన పటం తయారవుతుంది.

నీటి పేర్ల తరువాత ఊళ్ల పేర్లు. కూర్మన్నపాలెం, నాతయ్యపాలెం, దిబ్బపాలెం, తిక్కవానిపాలెం వంటి పేర్లలో ‘పాలెం’ ఉంది. అది చిన్న పల్లెను సూచిస్తుంది. పాలవలస పేరులో ‘వలస’ ఉంది. ఒకచోటు నుంచి మరొకచోటికి తరలివచ్చిన జనం నిలిచిన ఊళ్లకు ఈ మాట చేరుతుంది. శ్రీహరిపురం, మల్కాపురం వంటి పేర్లలో ‘పురం’, వడ్లపూడి, అగనంపూడి వంటి పేర్లలో ‘పూడి’ కనిపిస్తాయి. బస్సు మీది బోర్డులో ఇవి కేవలం స్టాపుల పేర్లు. నడిచేవారికి మాత్రం ఒక్కొక్కటి ఒక్కొక్క పల్లె. నేటి రద్దీ ప్రాంతమంతా నిన్నటి పల్లెల సమూహమని ఈ పేర్లే సాక్ష్యమిస్తాయి.

ఆ పల్లెలు పట్టణంగా మారిన క్రమం కొద్ది దశాబ్దాల్లోనే జరిగింది. 1957లో మల్కాపురం వైపు చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1960 దశకంలో భారీ యంత్రపరికరాల కర్మాగారం, ఎరువుల కర్మాగారం తోడయ్యాయి. ఆ తరువాత ఉక్కు కర్మాగారం రాకతో ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. పురపాలక సంఘంగా ఎదిగిన గాజువాక 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది.

ఉక్కునగరపు నీడలో

రెండో నడక కూర్మన్నపాలెం కూడలి నుంచి ఉక్కునగరం వైపు. విశాఖ ఉక్కు కర్మాగారం కథ తెలుగువారందరి కథ. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అనే నినాదం రాష్ట్రమంతటా మారుమోగింది. విశాఖపట్నంలో టి. అమృతరావు నిరాహారదీక్షతో ఉద్యమం తీవ్రరూపం దాల్చింది. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగార నిర్ణయాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న బాలచెరువు వద్ద శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దీనిని జాతికి అంకితం చేశారు. సముద్రతీరాన నిర్మించిన మొట్టమొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం భారతదేశంలో ఇదే. ఇక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. నిప్పును కడుపున దాచుకున్న కొలుములకు నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టడంలో ఒక ఆశ వ్యక్తమవుతుంది.

కర్మాగారం భవితవ్యం గురించిన చర్చ కూడా ఇదే కూడలిలో సాగింది. 2021లో కేంద్ర ప్రభుత్వం పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయించినప్పుడు కూర్మన్నపాలెం కూడలి కార్మికుల దీక్షలకు వేదికైంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించింది. దారి పక్కన కనిపించే ఒక కూడలి ఇంతటి చరిత్రను మోస్తున్నదన్న ఎరుకతో నడిచినప్పుడు, అదే స్థలం వేరుగా కనిపిస్తుంది.

ఉక్కునగరం వీధులు విశాలమైనవి. ఇరువైపులా వృక్షాలు కొమ్మలు కలుపుకొని నీడ పరుస్తాయి. కర్మాగారం చుట్టూ, నగరం లోపల లక్షల సంఖ్యలో నాటిన మొక్కలు ఈ ప్రాంతానికి పచ్చని కవచమయ్యాయి. రహదారి మీది మోత ఇక్కడికి వచ్చేసరికి సన్నగిల్లుతుంది. దట్టమైన చెట్ల వరుసలు ధ్వనిని కొంత అడ్డుకుంటాయి. ఆకులు ధూళిని పట్టి ఉంచుతాయి. ఆకుల నుంచి వెలువడే నీటి ఆవిరి పరిసరాలను చల్లబరుస్తుంది. ఎండ కాచే వీధిలో ఐదు నిమిషాలు, చెట్ల వీధిలో ఐదు నిమిషాలు నడిచి చూస్తే ఈ పాఠానికి వేరే నిరూపణ అవసరముండదు.

ఈ పచ్చదనం శాశ్వతమని భావించరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఆ ఒక్క రోజులో నగరమంతటా అసంఖ్యాకమైన చెట్లు కూలిపోయాయి. మిగిలినవి ఆకులు రాలి మోడులయ్యాయి. నేడు నీడనిస్తున్న చెట్లలో తుపానుకు తట్టుకున్నవి ఏవి, ఆ తరువాత నాటినవి ఏవి అని మాను లావును బట్టి, వంపును బట్టి అంచనా వేయడం నడకలో ఒక మంచి అభ్యాసం.

ఈ నీడలో మరొక కథ కూడా దాగి ఉంది. కర్మాగారం కోసం ఇరవై వేల ఎకరాలకు పైగా భూమిని సేకరించారు. 64 గ్రామాల ప్రజలు నిర్వాసితులయ్యారు. పొలాలు, తోటలు, గుడులు, శ్మశానాలు వదలుకొని వారు పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి తదితర చోట్ల ఏర్పడిన పునరావాస కాలనీలకు చేరారు. ఆ కాలనీల్లో నడిచేవారు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, కొలిచి గీసినట్టుండే వీధులు. సహజంగా పెరిగిన పల్లెలో వీధి వంకరగా, చెరువును బట్టి, చెట్టును బట్టి సాగుతుంది. కాలనీలో వీధి కాగితం మీది గీతను బట్టి సాగుతుంది. రెండవది, గ్రామదేవత. ఉత్తరాంధ్రలో ప్రతి పల్లెకూ నూకాలమ్మ, పోలమ్మ, పైడితల్లి, మరిడమ్మ వంటి ఒక తల్లి ఉంటుంది. ఊరు కదిలినప్పుడు తల్లినీ వెంట తెచ్చుకోవడం జనం ఆనవాయితీ. గుడి కొత్తదైనా పేరు పాతది. ఆ గుడి అరుగు మీద కూర్చున్న వృద్ధులను “తాతగారూ, మీ పాత ఊరు ఏది?” అని మర్యాదగా అడిగిన విద్యార్థికి ఏ పటంలోనూ దొరకని ఊరు మాటల్లో దొరుకుతుంది.

సముద్రం వైపు

గాజువాకకు ఆగ్నేయాన యారాడ కొండల వరుస ఉంది. ఆ కొండలకు ఆవల సముద్రం. ఉత్తరాన సింహాచలం, కైలాస కొండల వరుస. ఈ రెండు వరుసల నడుమ ఉన్న పల్లపు ప్రాంతం గిన్నె ఆకారంలో ఉంటుంది. పరిశ్రమలు ఎక్కువగా ఈ గిన్నెలోనే వెలిశాయి. శీతకాలపు వేకువజామున నేలను అంటి చల్లని గాలి, దానిపైన వెచ్చని గాలి ఉండడం వల్ల పొగ, ధూళి పైకి లేవక కిందనే నిలిచిపోతాయి. పొద్దెక్కి నేల వేడెక్కిన తరువాత సముద్రం మీది నుంచి గాలి వీచి వాటిని చెదరగొడుతుంది. అందువల్ల ఉబ్బసం వంటి బాధలున్నవారు చలికాలంలో మరీ వేకువనే కాక, పొద్దు పొడిచిన కొంతసేపటికి నడవడం మేలు. ఏ వేళ నడవాలన్నది సౌకర్యానికి సంబంధించినది మాత్రమే కాదు, భూగోళశాస్త్రానికి కూడా సంబంధించినది.

సముద్రం వైపు సాగే దారిలో కణితి వస్తుంది. ఉక్కు కర్మాగారానికి నీరందించే జలాశయం ఇక్కడ ఉంది. ఈ నీరు స్థానికంగా పుట్టినది కాదు. ఏలేరు జలాశయం నుంచి 153 కిలోమీటర్ల కాలువ గుండా ప్రయాణించి వస్తుంది. ఊరి పేరులో ఏరు ఉన్నచోటికి దూరపు ఏరు నుంచి నీరు రావలసి రావడం ఆలోచించదగిన విషయం. జలాశయం గట్ల మీదికి అనుమతి లేకుండా వెళ్లరాదు. పరిసరాల దారుల్లో నిలబడి నీటిపక్షుల రాకపోకలను గమనించడానికి ఏ అభ్యంతరమూ ఉండదు.

అక్కడి నుంచి తీరానికి చేరితే గంగవరం. ఇది మత్స్యకారుల పల్లె. 2009లో ఇక్కడ లోతైన ఓడరేవు ప్రారంభమైంది. పడవలు లాగే ఇసుక తిన్నెల చెంత మహానౌకలు వచ్చి నిలిచాయి. పొరుగున ఉన్న దిబ్బపాలెం వాసులు పునరావాసానికి తరలిపోయారు. ఉక్కు కోసం వ్యవసాయదారులు కదిలినట్లే, రేవు కోసం కడలిపుత్రులు కదిలారు. అభివృద్ధి వల్ల కలిగిన ఉపాధిని, దాని కోసం కొందరు వదలుకున్న బతుకుతెరువును ఒకే నడకలో పక్కపక్కనే చూడగలగడం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

తీరం వెంబడి నైరుతి దిశలో అప్పికొండ ఉంది. గాజువాక నుంచి ఇది దూరం కనుక బస్సులోనో ఆటోలోనో చేరుకొని అక్కడి నుంచి నడవాలి. సముద్రానికి ఎదురుగా శతాబ్దాల నాటి సోమేశ్వరస్వామి ఆలయం, అందులో శిలాశాసనాలు ఉన్నాయి. కర్మాగారపు పొగగొట్టాలు కనుచూపు మేరలో ఉండగా, రాతి మీద చెక్కిన పాత లిపిని చేతితో తాకక కళ్లతో పరిశీలిస్తూ నిలబడడం ఒక అపూర్వమైన అనుభవం. ఎదుట అలల శబ్దం తప్ప మరొకటి ఉండదు. అయితే ఆ అలలను నమ్మరాదు. అప్పికొండ, యారాడ తీరాల్లో స్నానానికి దిగి ఎందరో యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఇవి చూడవలసిన సముద్రాలే గాని దిగవలసినవి కావు.

సింధియా నుంచి పాతనగరానికి

యారాడ కొండల ఈవలి పాదాన మల్కాపురం దాటగానే సింధియా కూడలి వస్తుంది. తెలుగు నేల మీద ఈ పేరు ఎలా నిలిచిందన్న ప్రశ్న ఎవరికైనా కలగాలి. 1919లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రభృతులు గ్వాలియర్ మహారాజా సింధియాకు చెందిన ఓడను కొని, ఆ పేరుతోనే ఓడల కంపెనీని స్థాపించారు. ఆ కంపెనీ ఓడ ‘లాయల్టీ’ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఆ రోజునే నేటికీ జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకుంటున్నారు. 1941 జూన్ 21న ఆ కంపెనీ విశాఖలో నెలకొల్పిన నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ నిర్మించిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఆ కేంద్రమే నేటి హిందూస్థాన్ షిప్‌యార్డ్. కంపెనీ యాజమాన్యం పోయింది, పేరు మాత్రం కూడలికి మిగిలింది. ఒక రాజవంశం పేరు ఓడల కంపెనీకి, అక్కడి నుంచి బస్సు స్టాపుకు చేరిన వైనం ఎంత చిత్రమైనదో కదా!

సింధియా నుంచి బస్సెక్కితే రేవును చుట్టి పాతనగరానికి చేరవచ్చు. 1933లో ప్రారంభమైన విశాఖ నౌకాశ్రయపు ముఖద్వారాన మూడు చిన్న కొండలున్నాయి. ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం. మూడింటినీ ఒకే పూటలో మెట్లెక్కి దర్శించవచ్చు. సమీపంలోనే 1914 నాటి కురుపాం మార్కెట్ ఉంది. ఇంటాక్ వంటి సంస్థలు ఇక్కడ వారసత్వ నడకలను నిర్వహిస్తున్నాయి. ఒకసారి వారితో నడిచిన విద్యార్థి, చూసే పద్ధతి నేర్చుకొని, తన పేటలో తానే నడకను రూపొందించుకోగలడు.

నడకకు కావలసిన సన్నాహం

ఇలాంటి నడకకు పెద్ద ఖర్చు లేదు. సౌకర్యమైన చెప్పులు, నీళ్ల సీసా, గొడుగు లేదా టోపీ, చిన్న పుస్తకం, కలం చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వేసవిలో ఉక్కపోత అధికం కనుక ఉదయం లేదా సాయంకాలం మాత్రమే నడవాలి. మొదటి నడక రెండు కిలోమీటర్లు మించరాదు. ఒక్కరే కాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం, ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో చెప్పడం అవసరం. రహదారిని సిగ్నలు వద్దనే దాటాలి.

గమనించవలసిన అంశాలను ముందే నిర్ణయించుకోవాలి. ఒకనాడు చెట్లు, ఒకనాడు నీరు, ఒకనాడు గుడులు, ఒకనాడు పాత ఇళ్లు – ఇలా ఒక్కొక్క నడకకు ఒక్కొక్క విషయం ఉంటే చూపు చెదరదు. ఫోనులోని పటం దారి తప్పకుండా కాపాడుతుంది. కానీ అడుగడుగునా దానినే చూస్తూ నడిచేవారికి పటం కనిపిస్తుంది గాని ఊరు కనిపించదు.

మర్యాదలు కూడా ముఖ్యమే. రక్షణశాఖకు, రేవుకు, కర్మాగారాలకు చెందిన నిషిద్ధ ప్రాంతాల్లోకి వెళ్లరాదు, ఫోటోలు తీయరాదు. ఇళ్ల ముందర నిలబడి తేరిపారచూడడం సభ్యత కాదు. మనుషుల ఫోటో తీయదలచినప్పుడు అడిగి తీయాలి. పనిలో ఉన్న జాలరిని, అంగడివారిని ఆపి ప్రశ్నలతో విసిగించరాదు. ఇతరుల నిత్యజీవితం నడిచేవారికి వినోదం కారాదు.

చూడని దానిని కాపాడుకోలేము

ఇంత శ్రమపడి నడవడం వల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం గాజువాక పేరులోనే ఉంది. ఏరు ఒక్క రోజులో మాయం కాదు. మొదట దాని ఒడ్డున నడిచేవారు తగ్గుతారు. తరువాత అందులో చెత్త పడుతుంది. ఆపైన అది మురుగుకాలువ అనిపించుకుంటుంది. చివరకు దానిపై పలక వేసి దారి చేస్తారు. ప్రతి మెట్టులోనూ అడ్డుపడగలిగినవారు ఉన్నారు. కానీ వారు అటువైపు నడవలేదు కనుక వారికి తెలియలేదు. చెరువు పూడిపోయినా, చెట్టు కొట్టివేసినా, శాసనం మీద సున్నం పూసినా ఇదే క్రమం. శత్రుత్వం కంటే అలక్ష్యమే వీటికి ఎక్కువ హాని చేస్తుంది.

నిర్వాసిత గ్రామాల జ్ఞాపకం కూడా అటువంటిదే. పాత ఊరిని కళ్లారా చూసిన తరం వృద్ధాప్యంలో ఉంది. వారి మనుమలు పుట్టింది, పెరిగింది కాలనీల్లోనే. పాత ఊరి చెరువు ఏ దిక్కున ఉండేదో, తిరునాళ్లు ఏ మాసంలో జరిగేవో ఇప్పుడు అడిగి రాసుకోకపోతే కొద్ది సంవత్సరాల తరువాత అడగడానికి ఎవరూ మిగలరు. అందుకు పెద్ద పరిశోధకులు రానవసరం లేదు. ఆ కాలనీ పక్కనే చదువుకుంటున్న విద్యార్థి ఒక ఆదివారం ఉదయం గంటసేపు నడిస్తే చాలు.

గాజువాకకు పరిశ్రమలు అన్నం పెట్టాయి. వేల కుటుంబాలు వాటి నీడన నిలదొక్కుకున్నాయి. వాటిని కాదనడం ఈ నడకల ఉద్దేశం కాదు. కొలిమి పక్కన చెట్టుకు, రేవు పక్కన పల్లెకు, రహదారి పక్కన చెరువుకు చోటు ఉండాలని గుర్తుచేయడమే వీటి ఉద్దేశం. ఆ చోటు ఎక్కడ ఉన్నదో తెలిసినవారే దాని కోసం మాట్లాడగలరు. తెలుసుకోవడానికి దగ్గరి దారి కాలినడక.

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. గాజువాక ప్రాంతపు ఊళ్ల పేర్ల ద్వారా తెలిసే చరిత్రను వివరించండి.
2. ‘చూడని దానిని కాపాడుకోలేము’ అన్న భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. స్వయంనిర్దేశిత నడకకు, విహారయాత్రకు గల భేదమేమిటి?
2. సింధియా కూడలికి ఆ పేరు ఎలా వచ్చింది?
3. శీతకాలపు వేకువన పొగ, ధూళి నేల మీదనే నిలిచిపోవడానికి కారణమేమిటి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘వాక’ అంటే ఏమిటి?
2. విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన ఎక్కడ జరిగింది?
3. ‘జల ఉష’ను జలప్రవేశం చేయించినవారెవరు?

IV. ప్రాజెక్టు పని
మీ ఊరిలో లేదా పేటలో రెండు కిలోమీటర్ల నడకను రూపొందించి, దారిలో గమనించదగిన ఐదు స్థలాలను పటంలో గుర్తించండి. వాటిలో ఒకదానిని గురించి పెద్దలను అడిగి ఒక పుట రాయండి.